సిగ్నల్ పడిపోతోందా? స్కిన్ కొనే ముందు పౌచ్ తీసి చూడండి

సిగ్నల్ సమస్యతో రిపేర్ షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఫోన్ రీస్టార్ట్ చేసి ఉంటారు, సిమ్ తీసి తుడిచి మళ్లీ పెట్టి ఉంటారు, కస్టమర్ కేర్‌తో గొడవ కూడా పడి ఉంటారు. కొందరైతే నెట్‌వర్క్ మార్చేసి, అక్కడా అదే పరిస్థితి అని తల పట్టుకుని వస్తారు. చేయని పని ఒక్కటే ఉంటుంది. పౌచ్ ఊడదీసి, ఉత్త ఫోన్‌కి సిగ్నల్ ఎంత వస్తోందో చూడరు. అర నిమిషం కూడా పట్టని పని అది. దాన్ని వదిలేసి నేరుగా "సిగ్నల్ పెంచే స్కిన్ ఉందా అన్నా?" అని అడుగుతారు. స్కిన్ అంటే ఫోన్‌కి స్టిక్కర్‌లా అతికించే పల్చటి పొర.

ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. 2010 జూన్‌లో వచ్చిన ఐఫోన్ 4లో చుట్టూ ఉన్న స్టీలు ఫ్రేమే యాంటెన్నా. ఎడమవైపు కింద ఫ్రేములో ఒక సన్నటి గీత దగ్గర వేలు లేదా అరచెయ్యి ఆనితే సిగ్నల్ ఒక్కసారిగా పడిపోయేది. ఆనంద్‌టెక్ అనే సైట్ కొలిచి చూస్తే మామూలుగా చేత్తో పట్టుకున్నప్పుడు దాదాపు 20 డెసిబెల్స్ (సిగ్నల్ తేడాని కొలిచే లెక్క) పడిపోయింది, కేసు తొడిగి పట్టుకుంటే దాదాపు 7 మాత్రమే. జులై 16న యాపిల్ ప్రెస్‌మీట్ పెట్టి, కొన్నవాళ్లందరికీ ఉచితంగా బంపర్, అంటే అంచుల చుట్టూ తొడిగే కవర్, ఇస్తామని ప్రకటించింది. కవర్ వేస్తే సిగ్నల్ బాగుపడుతుందనే నమ్మకానికి ఊతమిచ్చిన సంగతి అదే. ఆ ఫోన్ విషయంలో అది నిజం. మీ ఫోన్ విషయంలో నిజమో కాదో కొలిస్తేనే తెలుస్తుంది.

ముందు కొలవండి, గీతలు చూసి కాదు

పైన కనిపించే సిగ్నల్ గీతలను నమ్మవద్దు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నది ఫోన్ తయారు చేసినవాళ్లు పెట్టుకున్న లెక్క. ఆ లెక్క తమ దగ్గర తప్పుగా ఉందని 2010లో యాపిల్ ఒప్పుకుని, అప్‌డేట్ ఇచ్చి మరీ మార్చింది.

కావలసింది డీబీఎం అంకె, అంటే ఫోన్‌కి చేరే సిగ్నల్ బలాన్ని చెప్పేది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ అని వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ కనిపిస్తుంది. కంపెనీని బట్టి ఈ పేర్లు కొంచెం అటూఇటూగా ఉంటాయి. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది, అందులో ఆర్ఎస్ఆర్‌పీ (RSRP) అన్నది చూడండి, సిగ్నల్ బలం అదే. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. 4జీలో మైనస్ 90 ఉంటే బ్రహ్మాండం, 105 దగ్గర సర్దుకుపోవచ్చు, 115 దాటాక మాట తెగుతూ ఉంటుంది. 3 పడిపోతే చేరే బలం సగమైనట్టు, 10 పడిపోతే పదో వంతు, 20 పడిపోతే నూరో వంతు.

కొలిచేటప్పుడు 5జీ ఆపేసి 4జీ మీదే ఉంచండి, లేకపోతే ఫోన్ ఒకసారి దాని అంకె, ఒకసారి దీని అంకె చూపించి తికమక పెడుతుంది. ఇంట్లో సమస్య ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడే కొలవాలి. ఇనుప బల్ల మీద కాకుండా చెక్క బల్ల మీదో పరుపు మీదో పెట్టండి. ముందు పౌచ్ లేకుండా బల్ల మీద, తర్వాత పౌచ్ లేకుండా చేతిలో, ఆ తర్వాత పౌచ్‌తో బల్ల మీద, చివరికి పౌచ్‌తో చేతిలో. ప్రతిసారీ ఒక నిమిషం ఆగి రాసుకోండి, మొత్తం రెండుసార్లు తిప్పి చేయండి. మూడు నాలుగు అంకెల తేడా దానంతట అదే వస్తుంటుంది, దాన్ని పట్టించుకోవద్దు.

లక్షణం: ఉత్త ఫోన్ బల్ల మీద బాగుంది, చేతిలోకి తీసుకోగానే పడిపోతోంది

చేతిలోకి తీసుకుంటే ఏ ఫోన్‌కైనా ఎంతోకొంత తగ్గుతుంది. మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా ఉప్పునీరే, అది రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. ఐదారు తగ్గితే మామూలే. పదిహేను, ఇరవై తగ్గుతోందంటే చెయ్యి సరిగ్గా యాంటెన్నా మీద పడుతోందన్నమాట. మెటల్ ఫ్రేమ్ ఫోన్లలో అంచుల మీద సన్నటి ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి కదా, అవి అందం కోసం పెట్టినవి కావు. యాంటెన్నా ముక్కలను విడదీసేవి అవే. తడి చెయ్యి వాటి మీద ఆనితే రెండు ముక్కలూ కలిసిపోయి, యాంటెన్నా ట్యూనింగ్, అంటే సిగ్నల్‌ని సరిగ్గా పట్టుకునే అమరిక, పక్కకి జరుగుతుంది.

కవర్ నిజంగా పనిచేసేది ఇక్కడే. అయితే మందం ముఖ్యం. ఫోన్ ఒంటికి అతుక్కునే పల్చటి వినైల్ స్కిన్ వేస్తే చెయ్యి లోహానికి నేరుగా తగలదు కాబట్టి సరిపోతుందని అనుకుంటారు. బ్యాటరీ కరెంటుకైతే సరిపోయేది. సెకనుకి 90 కోట్లసార్లు, 180 కోట్లసార్లు అటూఇటూ మారే సిగ్నల్‌కి కాగితమంత పొర పెద్ద అడ్డం కాదు. అటు లోహం, ఇటు చెయ్యి, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ ఉంటే అది కెపాసిటర్ అవుతుంది, దాంట్లోంచి సిగ్నల్ హాయిగా దాటిపోతుంది. అందుకే స్కిన్‌తో వచ్చే లాభం కొంచెమే. అంచుల దగ్గర ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు టీపీయూ పౌచ్, అంటే అందరూ సిలికాన్ పౌచ్ అని పిలిచే మెత్తటిది, చేతిని యాంటెన్నాకి దూరంగా నిలబెడుతుంది. దూరమే మందు. గీతలు పడకుండా, అందం కోసం స్కిన్ వేసుకోండి, తప్పులేదు. సిగ్నల్ కోసమైతే పౌచ్ కొనండి.

పౌచ్ చేసేది చెయ్యి వల్ల పోయేదాన్ని కొంత ఆపడం మాత్రమే. టవర్ నుంచి వచ్చేదాన్ని అది పెంచలేదు. బల్ల మీద పెట్టిన ఉత్త ఫోన్‌కి వచ్చిన అంకె కన్నా మెరుగైన అంకె ఏ కవరూ ఇవ్వదు.

లక్షణం: ఉత్త ఫోన్ బాగుంది, పౌచ్ వేయగానే పడిపోతోంది

అందరినీ ఏమార్చేది ఇదే, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

దీనికి కారణం దాదాపు ప్రతిసారీ లోహం. పౌచ్ మెత్తటి ప్లాస్టిక్కే కదా, అందులో లోహం ఎక్కడిది అనిపిస్తుంది. లోపల చూడండి. కారు హోల్డర్ మాగ్నెట్‌కి అతుక్కోవడానికి పెట్టిన ఇనుప రేకు ఉంటుంది. హోల్డర్‌తో పాటు గుండ్రటిదొకటి, పొడవుదొకటి ఇస్తారు. పొడవుదైతే గట్టిగా పట్టుకుంటుందని దాన్నే ఫోన్‌కీ పౌచ్‌కీ మధ్య అతికిస్తారు. లేదంటే బంగారు రంగు లక్ష్మీదేవి రేకో, రాగి మీద చెక్కిన యంత్రమో ఉంటుంది. పది రూపాయల నోటు, కాగితం ఫోటో ఉంటే ఏమీ కాదు, అవి కాగితాలే. రేకు మాత్రం లోహం. దేవుణ్ణి తీసేయమని నేనెవరికీ చెప్పను, ఫోన్ వెనక నుంచి పర్సులోకి మార్చమంటాను.

యాంటెన్నాలు ఎక్కువ ఫోన్లలో కింది అంచున, పై అంచున, పక్కల్లో ఉంటాయి. ప్రధానమైనది చాలావరకు కిందే, ఛార్జింగ్ పిన్ చుట్టుపక్కల ఉంటుంది. వీపు మధ్యలో చిన్న గుండ్రటి రేకు ఉంటే కాల్స్‌కి పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. అదే రేకు రెండు అంగుళాలు కిందకి జరిగి అతుక్కుంటే, యాంటెన్నా ట్యూనింగ్‌నే మార్చేస్తుంది, కొంత సిగ్నల్‌ని వెనక్కి తిప్పికొడుతుంది కూడా.

దొరక్కుండా తప్పించుకోవడానికి కారణం ఏమిటంటే, ఇది అన్నిచోట్లా బయటపడదు. టౌన్లో, టవర్ పక్కన మైనస్ 75 వస్తున్న చోట రేకు 14 తినేసినా ఇంకా 89 ఉంటుంది. కాల్ బాగానే వెళ్తుంది, గీతలు నిండుగానే ఉంటాయి. ఇంటికెళ్లి లోపలి గదిలో కూర్చుంటే అక్కడ వచ్చేదే 105. దాంట్లోంచి అదే 14 పోతే 119, ఇక మాట వినిపించదు. దాంతో మనిషికి తట్టేది ఒకటే, "మా ఇంట్లో టవర్ లేదు" అని. షాపులో చెక్ చేసినవాడికి కూడా అంతా బాగానే కనిపిస్తుంది. హోల్డర్ కొన్నది దసరాకి, ఇల్లు మారింది సంక్రాంతికి అయితే రెండింటినీ కలిపి చూడాలని ఎవరికీ అనిపించదు. నింద కొత్త ఇంటి మీదకి పోతుంది.

కొన్ని ఆనవాళ్లున్నాయి. సిగ్నల్‌తో పాటు జీపీఎస్ కూడా తప్పుదారి చూపిస్తూ, పక్క వీధిలో ఉన్నట్టు చూపిస్తోందా? ఒకే గదిలో మిగతా ఫోన్లకి వైఫై బాగుండి దీనికే తక్కువగా ఉందా? వైర్‌లెస్ ఛార్జర్ మీద పెడితే ఛార్జ్ ఎక్కక వేడెక్కుతోందా? ఇవన్నీ ఒకేసారి చెడిపోవడం అరుదు. వీపు మీద లోహం ఉండటమే ఎక్కువ. బ్యాటరీ త్వరగా అయిపోవడం ఇంకో గుర్తు. టవర్‌కి తన మాట చేరట్లేదని తెలిస్తే ఫోన్ పంపే బలాన్ని పెంచుకుంటూ పోతుంది, 4జీలో సాధారణంగా 200 మిల్లీవాట్ల దాకా. జేబులో ఫోన్ ఊరికే వెచ్చబడటానికి చాలాసార్లు కారణం ఇదే.

లోపల రేకు కనిపించకపోతే పౌచ్‌నే అనుమానించండి. అంచులు అద్దంలా మెరిసే పౌచ్‌ల మీద పల్చటి లోహపు పూత ఉండొచ్చు. కార్బన్ ఫైబర్ అని అమ్మేవాటిలో మూడు రకాలున్నాయి. కార్బన్ ఫైబర్ నేతలా గళ్లు ప్రింట్ చేసిన వినైల్ ఏమీ చేయదు. చూడటానికి అచ్చం అలాగే ఉండే అరామిడ్ అనే గట్టి దారపు నేత కూడా కరెంటు ప్రవహించనిదే. నిజమైన కార్బన్ ఫైబర్ మాత్రం కరెంటు ప్రవహించే పదార్థం, సిగ్నల్‌కి అడ్డం. అల్యూమినియం బంపర్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్లిప్ కవర్ అయితే మూత తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవండి, మూత మాగ్నెట్ ఎక్కడ పడుతోందో చూడండి.

మాగ్నెట్ పెట్టి చూశాం, అతుక్కోలేదు, కాబట్టి లోహం లేదని వాదించేవాళ్లుంటారు. మాగ్నెట్‌కి ఇనుము దొరుకుతుంది, రాగీ అల్యూమినియం దొరకవు. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (కరెంటు పారుతోందా లేదా) చూసినా పైన లక్క పూత ఉంటే బీప్ రాదు, సూదిమొనతో కొంచెం గీకి చూడాలి. ఇంత శ్రమ ఎందుకు, పౌచ్ తీసి ఒకసారి, వేసి ఒకసారి డీబీఎం చూస్తే సరిపోతుంది. పది అంకెల తేడా వస్తే ఆ పౌచ్ దేనితో చేశారన్న చర్చ అనవసరం, పక్కన పడేయండి.

రేకు ఫోన్ వీపుకే అతికించి, దాని మీద స్కిన్ వేయించుకున్నవాళ్లది అన్నిటికన్నా కష్టమైన కేసు. పౌచ్ తీసినా రేకు కనిపించదు, ఉత్త ఫోన్ కూడా చెడ్డ అంకెనే చూపిస్తుంది, తప్పంతా బోర్డుదే అనిపిస్తుంది. బోర్డు రిపేరుకి డబ్బు కట్టే ముందు వీపు మీద వేలితో నిమిరి చూడండి, ఎత్తుగా తగులుతుంది. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, పాత ప్లాస్టిక్ కార్డు దూర్చి మెల్లగా లేపండి. చాకు, బ్లేడు పెట్టొద్దు, గ్లాస్ బ్యాక్ అయితే పగులుతుంది. కారులో బిగించి పట్టుకునే క్లాంప్ హోల్డర్ వాడుకోండి, రేకుతో పనే ఉండదు. మాగ్నెట్టే కావాలంటే, మాగ్నెట్ రింగు కంపెనీలోనే లోపల పెట్టి ఇచ్చిన ఫోన్లున్నాయి. వాటికి తగిన పౌచ్‌లతో ఈ ఇబ్బంది ఉండదు, ఆ రింగును లెక్కలో పెట్టుకునే యాంటెన్నా డిజైన్ చేస్తారు.

రేడియేషన్ తగ్గిస్తుందని అమ్మే స్టిక్కర్లు కూడా వద్దు. నిజంగా అడ్డుకునేదైతే సిగ్నల్‌ని కూడా అడ్డుకుంటుంది, ఫోన్ ఇంకా గట్టిగా పంపాల్సి వస్తుంది. ఏమీ అడ్డుకోనిదైతే డబ్బు దండగ. సిగ్నల్ పెంచుతుందని అమ్మే బంగారు రంగు స్టిక్కర్లు అసలు ఏమీ చేయవు.

లక్షణం: ఉత్త ఫోన్‌కే బల్ల మీద సిగ్నల్ లేదు

అదే సిమ్ ఇంకో ఫోన్లో వేసి అక్కడే కొలవండి. ఆ ఫోన్లోనూ అంతే వస్తే తప్పు చోటుది. టవర్ బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ వెళ్లే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, జియో, ఎయిర్‌టెల్ రెండింటిలోనూ ఉంది. ఆన్‌లైన్లో దొరికే బూస్టర్ డబ్బాలు కొనొద్దు. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని పెట్టుకోవడం చట్టవిరుద్ధం, పైగా చుట్టుపక్కల అందరి సిగ్నలూ పాడవుతుంది.

ఇంకో ఫోన్లో బాగుంటే మీ ఫోన్ లోపలే ఏదో ఉంది. ఈమధ్య డిస్‌ప్లే గానీ, బ్యాటరీ గానీ, ఛార్జింగ్ బోర్డు గానీ మార్పించారా? అయితే మెయిన్ బోర్డు నుంచి కింది బోర్డుకి వెళ్లే సన్నటి యాంటెన్నా వైరు సరిగ్గా కూర్చోలేదని ముందు అనుమానించాలి. మార్చినవాళ్ల దగ్గరికే వెళ్లి "యాంటెన్నా వైరు ఊడిందేమో చూడండి" అని అడగండి. ఆ వైరు టక్కున నొక్కితే కూర్చుంటుంది, దానికి కొత్త బోర్డు అక్కర్లేదు.

నీళ్లలో పడటం, సిగ్నల్ పనిచూసే చిప్ (నెట్‌వర్క్ ఐసీ) పోవడం, విదేశాల నుంచి తెచ్చిన ఫోన్‌కి ఇక్కడి బ్యాండ్లు లేకపోవడం, సిమ్ అరిగిపోవడం కూడా ఉన్నాయి గానీ తక్కువ. సిమ్ మార్చడం చవక కాబట్టి అది ముందు చేయండి. మిగతావాటికి సర్వీస్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న అంకెలు వెంట తీసుకెళ్లండి. ఉత్త ఫోన్‌కి ఎంత, పౌచ్‌తో ఎంత, ఇంకో ఫోన్లో అదే సిమ్‌కి ఎంత అన్నది చూపిస్తే "అప్‌డేట్ చేసి చూడండి" అని తిప్పి పంపడం వాళ్లకి కుదరదు.