సీల్ మార్చే ముందు బ్రీదర్ చూడండి

పాత పెట్రోల్ కారులో ఆయిల్ లీక్ కనబడగానే సీల్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగు) మార్చాలంటారు. ఇంజన్ వెనక, క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఉండే సీల్ అయితే గేర్‌బాక్స్ దించాలి, ఖర్చంతా లేబర్‌కే. ఒప్పుకునే ముందు పీసీవీ వాల్వ్, బ్రీదర్ పైపు చూపించమనండి. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి దిగుతుంది. అది బయటికెళ్లే దారి ఈ వాల్వ్, పైపే. ఆ దారి మూసుకుపోతే ఆ ప్రెషర్ ఆయిల్‌ని సీళ్ల గుండా తోస్తుంది. కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది.

ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం కన్నా పెద్ద కాగితం దాని మీద పెట్టి చూడండి. పీసీవీ ఉన్న బండిలో కాగితం మెల్లగా అతుక్కోవాలి. పైకి లేచిపోతుంటే లోపల ప్రెషర్ ఉన్నట్టే. వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఆడించండి, టకటకమనాలి. శబ్దం రాకపోతే మార్చేయడమే మేలు, పెద్ద ఖరీదేం కాదు. పైపులో మీగడలాంటి జిడ్డు పేరుకుంటుంది, ముఖ్యంగా సందు చివరి మార్కెట్ దాకా వెళ్లొచ్చే బళ్లలో. కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) కొట్టి కడగండి. గట్టిపడి పగిలిన పైపుని మాత్రం మళ్లీ బిగించకండి.

ఇవన్నీ బాగున్నా మూత దగ్గర పొగ తన్నుతుంటే రింగులు అరిగి ఉండొచ్చు, కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ప్రెషర్ కొలిచే పరీక్ష) చేయించండి.