లీవు మీద వచ్చిన నాన్నకు పిల్లల్ని చేరువ చేయడం ఎలా?

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటేనే ఎవరైనా గుర్తుపడతారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మా ఊరివాళ్లు సైన్యంలో ఉన్నారు. మా ఆయన లీవులు, ఇప్పుడు మా అబ్బాయి లీవులు కలిపి ముప్పై దాకా చూశాను. ఎన్నిసార్లు చెప్పినా జనం గుమ్మం దగ్గర అదే తప్పు చేస్తున్నారు.

కావలసినవి పెద్దగా ఏం లేవు. పిల్లలకి ముందు నుంచీ చూపిస్తూ ఉండటానికి లుంగీలోనో బనీనులోనో ఉన్న నాన్న ఫొటో ఒకటి చాలు. యూనిఫాం ఫొటో వద్దు, ఇంట్లో ఆ వేషంలో తిరగడు కదా.

నెల ముందే "మీ నాన్న రానీ, నీ పని చెప్తా" అనే మాట మానేయండి. వచ్చే తేదీ మాత్రం ఆయన రైలెక్కేదాకా చెప్పొద్దు. చేతికొచ్చిన లీవు కూడా ఆఖరి నిమిషంలో ఆగిపోతుంది, పిల్లల ఆశతో ఆడుకోకూడదు. జమ్మూ నుంచి ఎలాగూ రెండు రాత్రుల ప్రయాణం, ఆ కాస్త వ్యవధి చాలు. స్టేషన్‌కి పిల్లల్ని తీసుకెళ్లకండి. మా ఇంట్లో ఇది రూలు.

ఇక గుమ్మం. అసలు కష్టం ఇక్కడే. ఎనిమిది నెలలు దాటిన పిల్లలు కొత్త ముఖం చూస్తే బెదురుతారు. రెండేళ్ల మా మనవడికి నాన్నంటే ఫోన్లో ఉండే మనిషి. ఎదురుగా నాన్న నిలబడితే, వాడు ఫోన్ చూపించి "నాన్న ఇందులో ఉన్నాడు" అన్నాడు. అలాంటప్పుడు అత్తలు, బాబాయిలు చుట్టూ చేరి "నాన్నరా, వెళ్లరా, ముద్దు పెట్టు" అని బిడ్డని ఆయన చేతుల్లోకి తోస్తారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. మంచు కొండల్లో నిలబడ్డ మనిషి ముఖం అక్కడ వాడిపోతుంది. తోయకండి!

ఆయన్ని కింద కూర్చోమనండి. చేతులు చాపొద్దు, పిల్లాడి వైపు అదేపనిగా చూడొద్దు. అమ్మతో మాట్లాడుతూ, కాఫీ తాగుతూ, తెల్ల పెయింటుతో పేరు రాసిన నల్ల ట్రంకు పెట్టెని పక్కన పెట్టుకోవాలి. పిల్లాడు చుట్టూ తిరిగి తిరిగి ఆ తాళం ముట్టుకోవడానికి వస్తాడు. అప్పుడు తాళంచెవి వాడి చేతికివ్వాలి. మా పక్కింటావిడ పద్ధతి చాక్లెట్. చాక్లెట్ అయిపోగానే పిల్లాడూ మాయం, ఇక ఆ పద్ధతి గురించి చెప్పేదేముంది?

గంట పట్టొచ్చు, మూడు రోజులు పట్టొచ్చు. మా అబ్బాయి చిన్నప్పుడు వాళ్ల నాన్నని మూడు రోజులు "అంకుల్" అన్నాడు. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, అదీ ముక్కలు ముక్కలుగా వస్తుంటే మూడు రోజులు పోయాయని బాధే. అయినా తొందరపడొద్దు. అమ్మ పక్కన పడుకునే బిడ్డని మొదటి రాత్రే వేరే మంచానికి మార్చకండి.

పెద్ద పిల్లలైతే మొదటి రోజు మార్కులు అడగొద్దు. ఐదింటికి లేపొద్దు, ఇల్లు యూనిట్ కాదు. వాళ్లతో సైకిల్ పంక్చర్ వేయించండి, మాటలు వాటంతటవే వస్తాయి.

వెళ్లే రోజున పిల్లలు నిద్రపోతుండగా జారుకోవద్దు. అలా వెళ్తే తర్వాత లీవుకి వచ్చినా, రాత్రి లేచి లేచి నాన్న ఉన్నాడో లేడో చూసుకుంటారు. ట్రంకు సర్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, తాళం వాళ్ల చేతే వేయించాలి.