మారతహళ్లి పీజీ హాస్టల్ పిల్లలకి పైథాన్ తెలుగులో ఎలా చెప్పాలి

శని ఆదివారాలు బెంగళూరు మారతహళ్లిలో, మన అనంతపురం కడప వైపు నుంచి డిగ్రీ అయిపోయి పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలకి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్తున్నా. మీరూ మొదలుపెట్టాలనుకుంటే నాకు పనికొచ్చినవి ఇవి.

ఫస్ట్ క్లాస్‌లో హిస్టరీ జోలికి పోవద్దు, గైడో వాన్ రోసమ్ 1991లో రిలీజ్ చేశాడు అని ఒక్క ముక్క చాలు. ఇన్‌స్టాలేషన్ కూడా తర్వాత చూసుకోవచ్చు, ఎందుకంటే ఒకడి లాప్‌టాప్‌లో పాత్ సెట్ అవ్వదు, ఇంకోడిది అప్‌డేట్‌లో ఇరుక్కుంటది, గంట అక్కడే పోతుంది. బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కోలాబ్ తెరిపించి పది నిమిషాల్లో వాళ్ళ పేరు వాళ్ళే ప్రింట్ చేసుకునేలా చూడండి.

అసలు కష్టం వేరియబుల్ దగ్గర, అంటే ఒక వాల్యూకి మనం పెట్టుకునే పేరు దగ్గర. మనోళ్ళలో ఎక్కువమంది ఇంటర్ ఎంపీసీ. బోర్డు మీద ఎక్స్ = ఎక్స్ + 1 అని రాయగానే ఒకమ్మాయి "అన్నా అదెట్లా, రెండు పక్కలా ఎక్స్ కొట్టేస్తే సున్నా ఒకటికి సమానం అవుతుంది కదా" అంది. మ్యాథ్స్ ప్రకారం ఆ పిల్ల అడిగింది కరెక్టే. ఇక్కడ = గుర్తు అసైన్‌మెంట్ ఆపరేటర్ అని ఇంగ్లీష్‌లో డెఫినిషన్ చెప్పా, తలూపింది గానీ బుర్రకెక్కలేదు. అప్పుడు తెలుగులో చదివించా: "ఎక్స్‌లో ఉన్నదానికి ఒకటి కలిపి మళ్ళీ ఎక్స్‌లోనే పెట్టు". కంప్యూటర్ చేసే వరస కూడా అచ్చం ఇదే, ముందు కుడి పక్క లెక్క, ఆ తర్వాతే ఎడమ పక్క పెట్టడం. మన వాక్యంలో "పెట్టు" చివర్లో వస్తుంది కాబట్టి ఆ వరస మనకి మాటలోనే దొరుకుతుంది, అందుకే ప్రతి లైనూ పైకి తెలుగులో చదివించండి.

వేరియబుల్ అంటే డబ్బా అని మాత్రం చెప్పకండి, పప్పు డబ్బాలో బియ్యం పోస్తే అడుగున పప్పు ఉంటుంది కదా, పిల్లలు కూడా పాత వాల్యూ లోపలే ఉందనుకుంటారు. నేను పలక అంటా, కొత్తది రాయాలంటే పాతది తుడవాల్సిందే.

ఇన్‌పుట్ (మనం టైప్ చేసింది ప్రోగ్రామ్‌లోకి తీసుకునేది) చెప్పేటప్పుడు ముందే జాగ్రత్తలు చెప్పేయకండి. ఇడ్లీ 40, కాఫీ 30, రెండూ ఇన్‌పుట్‌తో తీసుకుని కూడమనండి, రన్ కొట్టేముందు ఎంతొస్తుందో పేపర్ మీద రాయించండి. అందరూ 70 రాస్తారు, స్క్రీన్ మీద 4030 వస్తుంది. ఇన్‌పుట్ ఏదిచ్చినా టెక్స్ట్‌గానే తీసుకుంటుంది, ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది అని ఆ క్షణంలో చెప్తే టెక్స్ట్‌ని అంకెగా మార్చే ఇంట్ ఎందుకు వాడాలో ఇంక మర్చిపోరు. ఈ పేపర్ అలవాటు కోర్సు అయ్యేదాకా వదలొద్దు, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే లూప్‌కి ఎక్కాలు చాలు, రేంజ్ 1 నుంచి 10 ఇస్తే ఏడో ఎక్కం ఏడు తొమ్మిదుల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకో వాళ్ళనే వెతకనివ్వండి.

ఎర్రర్ వస్తే వాళ్ళ కీబోర్డ్ ముట్టుకోవద్దు, ప్లీజ్. ఎర్ర అక్షరాలు చూసి భయపడి పైనుంచి చదవడం మొదలుపెడతారు, కింది లైన్ ముందు చదవమనండి, ఏం తప్పో అక్కడుంటుంది, ఏ లైన్లో అనేది దాని పైన. 2021లో వచ్చిన పైథాన్ 3.10 వెర్షన్ నుంచి కోలన్ (:) మర్చిపోతే కోలన్ కావాలని పైథానే చెప్తుంది.

అర్థమయ్యాక మాత్రం అదే విషయం ఒకసారి ఇంగ్లీష్‌లో కూడా చెప్పించండి, ఇంటర్వ్యూలో వాళ్ళని అడిగేది ఇంగ్లీష్‌లోనే కదా. ఆ ఎంపీసీ అమ్మాయి మూడో వారం రూమ్మేట్స్ నలుగురి కరెంటు బిల్లు, గ్యాసు పంచే ప్రోగ్రామ్ రాసుకొచ్చింది, ప్రతి లైనూ ఫస్ట్ తెలుగులో, వెంటనే ఇంగ్లీష్‌లో చదివి వినిపించింది.