సకినాలు పోయడం: పిండి తడి నుంచి కాగిన నూనె దాకా

సంక్రాంతికి వారం పది రోజుల ముందే తెలంగాణ ఇళ్లలో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో, సకినాల పని మొదలవుతుంది. వీటికి బియ్యం, నువ్వులు, వాము, ఉప్పు, నూనె తప్ప మరేమీ అక్కరలేదు. అయినా కొత్తగా చేసేవారికి ఇవి కుదరలేదంటే చాలావరకు పిండిలోని తడి దగ్గరే పొరపాటు జరిగి ఉంటుంది.

కిలో బియ్యానికి సుమారు 150 గ్రాముల నువ్వులు, 2 చెంచాల వాము తీసుకోవాలి. కొత్త బియ్యమైతే పిండికి జిగురు బాగా వస్తుంది. బియ్యాన్ని కడిగి, రాత్రంతా నానబెట్టి, ఉదయం నీళ్లు వంచి, గుడ్డ మీద కాసేపు ఆరబోసి, పైన నీరు ఇంకినా లోపల చెమ్మ ఉండగానే గిర్నీలో పట్టించాలి. అన్ని గిర్నీల్లోనూ తడి బియ్యం పట్టరు కనుక ముందే అడిగి ఉంచుకోవడం మంచిది. పిండిని వెంటనే జల్లించి, చెమ్మ పోకుండా గుడ్డ కప్పి ఉంచాలి. అంగట్లో దొరికే పొడి బియ్యప్పిండితో ఈ పని చేయకపోవడమే మేలు.

పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ మురుకుల పిండికన్నా మెత్తగా కలపాలి. గట్టిగా ఉంటే చుట్టేటప్పుడు తెగిపోతుంది, పలుచనైతే గుడ్డ మీద పరచుకుపోతుంది.

నేల మీద ఉతికిన నూలు ధోవతి పరచి, ముందుగా గౌరమ్మను నిలిపి, పసుపు కుంకుమలు పెట్టి మొదలుపెట్టడం ఆనవాయితీ. పిండిని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య మెలిపెడుతూ సన్నటి తాడులా వదిలి, చిన్న వలయం చుట్టూ మూడు నాలుగు వరుసలు పోయాలి. ఇది చూసి నేర్చుకోవలసిన విద్య. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒకరింటికి ఒకరు సాయం వెళతారు. మొదటి పది సకినాలు వంకరపోయినా రుచికి లోటేమీ ఉండదు.

పోసిన సకినాలలోని తడిని గుడ్డ పీల్చుకునే దాకా ఆగాలి. విరగకుండా పైకి లేస్తున్నాయంటే అవి సిద్ధమైనట్టే. పచ్చిగా ఉన్నప్పుడే వేయిస్తే, పైభాగం గట్టిపడి లోపలి ఆవిరికి దారి లేక, నూనెలో పేలే ప్రమాదం ఉంది. కనుక మొదట ఒక్కదాన్ని వేసి, కాస్త దూరంగా నిలబడి చూడాలి. మంట మధ్యస్థంగా ఉంచి, నూనెలో బుడగలు తగ్గి, సకినం లేత గోధుమ రంగుకు తిరగకముందే తీసేయాలి.

పూర్తిగా చల్లారాకే డబ్బాకు ఎత్తాలి. ఆడపిల్లకు సారె పంపవలసిన ఇళ్లలో విరగని వాటిని ముందే ఏరి పక్కన పెడతారు. విరిగినవి ఇంట్లోవాళ్ల చాయ్‌లోకి.