పిల్లల ఫొటోలు – అయిదో పాఠం: పిచ్చుక గూడు కట్టే పది నిమిషాలు

కిందటి పాఠంలో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీశాం. ఇప్పుడు ఇల్లు దాటుదాం. చెన్నైలో ఉన్నవాళ్లకు ఇసుకకు కరువు లేదు. మెరీనా అయినా సరే, బెసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్ అయినా సరే. నాలుగేళ్ల లోపు పిల్లలైతే ఎలియట్సే నయం. మెరీనాలో రోడ్డు నుంచి నీళ్ల దాకా నడిచేసరికే వాళ్ల ఓపిక సగం అయిపోతుంది.

ఈ పాఠం నియమం ఒక్కటే: పాపను పేరు పెట్టి పిలవకూడదు. "చిన్నీ, ఇటు చూడు, ఏదీ నవ్వు" అనగానే పళ్లు కనిపిస్తాయి, పాప మాయమవుతుంది. పిలిచే బదులు చేతికి ఒక పని ఇవ్వాలి. ఇసుకలో పిచ్చుక గూడును మించిన పని లేదు.

ముందు వెలుతురు సంగతి. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనక దిగుతాడు. జనవరి మొదట్లో ఉదయం 6:30 ప్రాంతంలో, మే చివర 5:40 ప్రాంతంలో. లేచిన ఇరవై నిమిషాల నుంచి ఇంకో గంట దాకా మన పని. ఆ తర్వాత కళ్లు చికిలించడం, కనుబొమల కింద నల్లటి నీడలు మొదలవుతాయి. ఒడ్డు వెంబడి ఉత్తరానో దక్షిణానో మీరు కూర్చుని, పాప మీ వైపు తిరిగి ఉంటే ఒక చెంప మీద ఎండ, రెండో చెంప మీద ఇసుక నుంచి తిరిగొచ్చిన మెత్తని వెలుగు పడతాయి. పాప తిరిగితే మీరు జరగండి, పాపను జరపకండి.

సాయంత్రం లెక్క తారుమారు. సముద్రం వైపు చూసే పాపకు ఎండ వెనక నుంచి తగిలి జుట్టు అంచు మెరుస్తుంది, ముఖానికి తూర్పు ఆకాశం వెలుగు చాలు. కానీ అలా తీయాలంటే మీ వీపు కెరటాల వైపు ఉంటుంది. అందుకని నీటికి కనీసం ఇరవై అడుగుల ఎగువన కూర్చోండి. ఏ పూటైనా పిల్లను కనిపెట్టుకోవడానికి ఇంకో పెద్దమనిషి ఉండాలి. వ్యూఫైండర్‌లో (కెమెరా వెనక కన్ను ఆనించే కిటికీలో) కన్ను పెట్టినవాళ్లు కాపలాకు పనికిరారు. ఇక్కడి అలలు లాగేస్తాయి.

ఇంకో చిక్కు ఇంట్లోనే మొదలవుతుంది. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను తీసుకొచ్చి తీరం గాలిలో తెరిస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. పైటకొంగుతోనో చొక్కాతోనో తుడిస్తే మళ్లీ కమ్ముతుంది, పైగా గీతలు. బయల్దేరే ముందు అరగంట సంచి జిప్పు తీయకుండా బాల్కనీలో పెడితే సరి. ఇసుక మీద లెన్స్ మార్చవద్దు.

కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోకు వదిలేయండి, హద్దు 3200. కూర్చున్న పాపకు షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 1/250 సెకను, పరుగుకు 1/1000. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/4. ఎఫ్/1.8 ఆశ పెడుతుంది గానీ, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు 50 మి.మీ. లెన్స్‌తో మీటరున్నర దూరంలో పదునుగా ఉండే మందం సుమారు 10 సెంటీమీటర్లే. ఎఫ్/4 దగ్గర రెట్టింపు పైగా దొరుకుతుంది. ఇసుక, ఆకాశం తెల్లగా ఉండేసరికి కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మోసపోయి ముఖాన్ని నల్లగా తీస్తుంది. ఫొటో వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 నుంచి +1 దాకా పెంచండి. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, సూర్యుడి గుర్తును పైకి జరపండి. బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. ఛామనఛాయ పాపను సున్నం కొట్టిన గోడలా మార్చే ఆ సౌకర్యం మనకొద్దు. బుగ్గ మీద దిష్టిచుక్క కూడా అలాగే ఉండనివ్వండి.

ఇక గూడు. అల చేరిన చివరి గీతకు కాస్త పైన, వేలితో తవ్వితే తడి తగిలే చోటు చూడండి. పొడి ఇసుక నిలవదు, మరీ తడిదైతే జారిపోతుంది. అమ్మమ్మో, అక్కో పాదం మీద ఇసుక కప్పి మొదలుపెడితే పాప తనంతట తనే పాదం పెడుతుంది. మొదటి అయిదు నిమిషాలు కెమెరా ఒళ్లోనే ఉండాలి.

పాప తల దించుకుని ఇసుక తడుతుంటుంది. నిలబడి తీస్తే పాపిడి తప్ప ఏమీ రాదు. మీరు చతికిలబడి, స్క్రీన్ పైకి మడిచి, కెమెరాను ఇసుకకు ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకోండి. అప్పుడు దించిన రెప్పలు, బిగించిన పెదవులు కనిపిస్తాయి. సముద్రపు అంచు గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనిపిస్తుందని గుర్తుంచుకోండి. కెమెరా పాప మెడ ఎత్తులో ఉంటే ఆ గీత కత్తిలా మెడను కోస్తుంది. కిందికి దిగితే గుండెల దగ్గరికి వస్తుంది, అది ఫరవాలేదు.

తల వంచినప్పుడు ఐ ఫోకస్‌కు (కంటిని వెతికి పట్టే ఆటో ఫోకస్‌కు) కన్ను దొరక్క చేతుల మీదికి పోతుంది. ఒకే పాయింటు ఎంచుకుని కనుబొమ మీద పెట్టండి, ఫోకస్ కంటిన్యువస్‌లో (కదిలేకొద్దీ సర్దుకునేలా) ఉండాలి.

తట్టడం ఆపిన చేతులే మీకు సైగ. పాదం బయటికి లాగబోతోంది. బరస్ట్ (వరసగా ఫొటోలు తీసే పద్ధతి) నొక్కండి, అయిదారు ఫ్రేములు చాలు. నాలుక పెదవి చివరికి వచ్చేది ఇక్కడే. చాలామంది గూడు నిలవగానే కెమెరా దించేస్తారు, అదే తప్పు. మరుక్షణం పాప తలెత్తి అమ్మను వెతుకుతుంది. ఆ రెండు సెకన్లే ఈ పూట సంపాదన. అందుకే అమ్మను మీ భుజం పక్కనే కూర్చోబెట్టండి. గూడు కూలితే ముఖం ఒక్క క్షణం ఖాళీ అవుతుంది, తర్వాత నవ్వో ఏడుపో. ఏడుపైతే ఒక్క ఫొటో, ఆపైన కెమెరా పక్కన పెట్టి ఇంకో గూడు కట్టిపెట్టండి.

ఫ్రేములోకి వేరేవాళ్ల పిల్లలు వస్తే వాళ్ల అమ్మనో నాన్ననో "ఫోటో ఎడుక్కలామా?" (తమిళంలో, ఫొటో తీయొచ్చా?) అని అడగండి. వద్దంటే వద్దు.

ఇంటిపని: ఒక ఉదయం, నలభై ఫ్రేములు మించకుండా. అక్కడికక్కడ ఏదీ చెరిపేయకండి, మర్నాడు చూడండి. పాప లెన్స్‌ వైపు చూసినవి ఒక పక్కకు తీసి లెక్కపెట్టండి. పది దాటితే మీరు పిలిచి ఉంటారు, లేదా మరీ దగ్గరగా కూర్చుని ఉంటారు. ఇంకో మీటరు వెనక్కి జరిగి మళ్లీ తీయండి. మిగిలినవాటిలో మూడు ఉంచుకోండి: చేతులది ఒకటి, పాదం లాగేది ఒకటి, తలెత్తి చూసేది ఒకటి.

వచ్చే పాఠం చేత్తో తిప్పే రంగులరాట్నం దగ్గర, షట్టర్ 1/30 దగ్గర. సాయంత్రం రండి, చిల్లర తెచ్చుకోండి.