అమ్మమ్మ, మేనమామ ఇళ్లలో పెరిగే పిల్లలకు నెలకు 4,000: ఏ కాగితం ముందు, ఏ ఆఫీసు తర్వాత

తల్లిదండ్రులు పోయాక పిల్లల్ని అమ్మమ్మో, మేనమామో, పెద్దనాన్నో తెచ్చుకుని పెంచడం మన ఇళ్లలో మామూలే. దానికి సర్కారు సాయం ఉందన్న సంగతే చాలా ఇళ్లకు చేరలేదు. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో ‘స్పాన్సర్‌షిప్’ కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు, గరిష్ఠంగా 18 ఏళ్లు నిండేదాకా వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇదే పథకం. పాత కరపత్రాల్లో 2,000 అని కనిపిస్తే అది 2022కు ముందు లెక్క.

తల్లీతండ్రీ ఇద్దరూ పోయి బంధువుల దగ్గర ఉన్న పిల్లలకు మొదటి వరుసలో చోటుంది. వితంతువు, విడాకులైన లేదా భర్త వదిలేసిన తల్లి పిల్లలు, ప్రాణాంతక జబ్బుతోనో వైకల్యంతోనో పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ల పిల్లలు కూడా అర్హులే. బిడ్డ ఇంట్లో ఉండి చదువుకోవాలన్నదే పథకం ఉద్దేశం. కాబట్టి పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఆశ్రమంలో చేర్చే ముందు ఈ దారి చూడండి.

చాలామంది తప్పటడుగు వేసేది ఆదాయం దగ్గర. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు. ‘తెల్ల కార్డు ఉందిగా’ అని ధీమాగా వెళ్తారు. కానీ రేషన్ కార్డు పరిమితి దీనికంటే ఎక్కువ. తెలంగాణలో అది పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. ఎప్పుడో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం లక్ష అని రాయించిన ఆదాయ ధ్రువపత్రం ఇక్కడ పెడితే ఫైలు అక్కడే ఆగుతుంది. అందుకని ఇప్పటి ఆదాయం ఉన్నదున్నట్టు చెప్పి, తహసీల్దార్ ఇచ్చే కొత్త పత్రం తీసుకోండి. దరఖాస్తు తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో సచివాలయంలో.

తర్వాతిది మరణ ధ్రువపత్రం. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఖర్చు లేదు. ఏడాది దాటితే ఆర్డీఓ స్థాయి ఉత్తర్వు కావాలి, దానికి తిరగడానికే నెలలు పడుతుంది. చేతికి రాగానే పేర్లు పోల్చుకోండి. ఆధార్‌లో వెంకటేశ్వర్లు, మరణ పత్రంలో వెంకటేశ్, బిడ్డ స్టడీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు లేకుండా వెంకటేశ్వరరావు: మూడూ ఒకే మనిషని ఊళ్లో అందరికీ తెలుసు, ఫైలు చూసే గుమాస్తాకు తెలియదు. దరఖాస్తు ఇచ్చాక దిద్దించడం కన్నా ముందే దిద్దించుకోవడం నయం.

తండ్రి జాడ లేకపోతే మరణ పత్రం రాదు. ఏడేళ్లుగా ఆచూకీ తెలియకపోతేనే చట్టం ఆ మనిషిని చనిపోయినట్టు భావిస్తుంది. స్పాన్సర్‌షిప్ కోసం అన్నాళ్లు ఆగక్కర్లేదు. పోలీస్ స్టేషన్లో మిస్సింగ్ ఫిర్యాదు ఇచ్చి, ఆ నకలుతో, వదిలేసిన బిడ్డగా బాలల సంక్షేమ సమితి (దిక్కులేని పిల్లల విషయం తేల్చే జిల్లా కమిటీ) ముందు పెట్టండి. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని వెళ్లిపోయినా అదే దారి.

వీటికి తోడు బిడ్డ జనన పత్రం, బిడ్డ ఆధార్, పెంచుతున్నవారి ఆధార్, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్కు, ఫొటోలు సిద్ధం చేసుకోండి. అయిదేళ్లకు, పదిహేనేళ్లకు ఆధార్‌లో వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకు పని దగ్గర ఇబ్బంది వస్తుంది.

దరఖాస్తు ఇవ్వాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. అందరూ డీసీపీయూ అంటారు, మహిళా శిశు సంక్షేమ శాఖ కిందిది. అంత దూరం వెళ్లలేకపోతే మీ అంగన్‌వాడీ టీచర్‌తో మొదలుపెట్టండి, ఆమె ద్వారా ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కు చేరుతుంది. ఎవరూ పలకకపోతే 1098కి ఫోన్ చేయండి. రుసుము లేదు, మధ్యవర్తి అక్కర్లేదు. కాగితాలు ఇచ్చిన రోజే తేదీ, ముద్ర వేసిన రసీదో, దరఖాస్తు నకలు మీద సంతకమో తీసుకోండి.

ఆ తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొస్తారు. బిడ్డ ఎక్కడ పడుకుంటోంది, బడికి వెళ్తోందా, ఇంట్లో ఎంతమంది, ఎవరి సంపాదన మీద గడుస్తోంది అని అడుగుతారు. బిడ్డతో విడిగా మాట్లాడతారు, అప్పుడు పెద్దవాళ్లు మధ్యలో అందుకోకండి. ఆ నివేదిక బాలల సంక్షేమ సమితికీ, కలెక్టర్ అధ్యక్షతన ఉండే మంజూరు కమిటీకీ వెళ్తుంది. ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంటే అప్పుడే మంజూరు. కాబట్టి ‘వచ్చే మీటింగులో మా ఫైలు ఉందా’ అని అడగండి. ‘ఎప్పుడవుతుంది’ అంటే ఎవరూ చెప్పరు.

ఖాతా బిడ్డ పేరిట, సంరక్షకులతో కలిపి ఉండాలి. ఆధార్‌తో వచ్చే నగదు బదిలీలన్నీ చివరగా ఆధార్‌కు సీడ్ చేసిన, అంటే నగదు బదిలీకి ముడిపెట్టిన, ఖాతాలోకే పోతాయి. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన పాత ఖాతా సీడ్ అయి ఉంటే, డబ్బు పడుతున్నా మీరు చూసే పాసుబుక్కులో కనపడదు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా స్తంభిస్తుంది. ఇంకొకటి, నెలనెలా ఒకటో తారీఖున పడుతుందని లెక్కేసుకోకండి. నిధులు విడుదలైనప్పుడు కొన్ని నెలలవి కలిపి పడడం మామూలే. బడి మానేసిన బిడ్డకు సాయం ఆపేస్తారు. బిడ్డకు జబ్బు చేసి చాలా రోజులు బడి మానితే ఆస్పత్రి కాగితం హెడ్మాస్టరుకు ఇచ్చి ఉంచండి.

ఇదొక్కటే కాదు, పోయినవాళ్ల వైపు నుంచి రావాల్సినది కూడా వెతకండి. ఎవరూ అడగనిది పీఎఫ్. తండ్రి లేదా తల్లి పీఎఫ్ కట్టే ఉద్యోగంలో ఉండి పోతే, ఇద్దరూ లేని పిల్లలకు ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకం) కింద అనాథ పింఛను ఉంది. ఒక్కొక్కరికి నెలకు కనీసం 750, ఒకేసారి ఇద్దరికి, 25 ఏళ్లు వచ్చేదాకా. దరఖాస్తు ఫారం 10-డి. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్ సభ్యులకుండే ఈడీఎల్‌ఐ జీవిత బీమా 7 లక్షల వరకు వేరే. దినసరి కూలీ ఇల్లయితే, సంపాదించే మనిషి 18-59 ఏళ్ల మధ్య పోయినప్పుడు జాతీయ కుటుంబ ప్రయోజన పథకంలో ఒక్కసారి 20,000 ఇస్తారు, తెలంగాణలో తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఆంధ్రలో విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో కేటాయించే 25 శాతం ఒకటో తరగతి సీట్లలో 5 శాతం అనాథ, హెచ్‌ఐవీ బాధిత, దివ్యాంగ పిల్లలవి.

స్పాన్సర్‌షిప్ రావడానికి దత్తత అక్కర్లేదు, కోర్టు గార్డియన్ ఉత్తర్వూ అక్కర్లేదు. కానీ బిడ్డ పేరిట పొలమో ఇల్లో ఉంటే లెక్క వేరు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956) ప్రకారం, పెంచుతున్నాం కాబట్టి అన్న ఒక్క కారణంతో మేనమామైనా తాతైనా మైనర్ ఆస్తి అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. ఫీజుల కోసమే అయినా సరే, ముందు జిల్లా కోర్టులో గార్డియన్‌గా నియమించుకుని, అమ్మకానికి విడిగా అనుమతి తీసుకోవాలి.