ఓసారి చదువుతుంది, ఓసారి మొరాయిస్తుంది: అమీగా 1200 హార్డ్ డిస్క్ తిప్పలు

రాత్రి బాగానే పనిచేసిన డిస్క్ పొద్దున్నే రీడ్ ఎర్రర్ అంటుంది. రీట్రై నొక్కితే చదివేస్తుంది. రెండు రోజులు కుదురుగా ఉండి, మూడో రోజు వర్క్‌బెంచ్ (అమీగా డెస్క్‌టాప్) తెర కూడా రానివ్వదు. పూర్తిగా చచ్చిన డిస్క్‌తో బాధ లేదు, తీసి పక్కన పెడతాం. ఇలా ఉండుండి ఏడిపించేదే ప్రాణం తీస్తుంది.

నా అమీగా 1200 (కమడోర్ కంపెనీ పాత హోమ్ కంప్యూటర్) విషయంలో నేను చేసిన మొదటి తప్పు డిస్క్‌నే అనుమానించడం. ఒకటి తీసి ఇంకొకటి పెట్టాను, అదీ అదే పాట. మూడోది కొనబోతూ కేబుల్‌ను కాస్త కదిపి చూస్తే దొంగ దొరికాడు. అప్పటినుంచి ఏ పాత కంప్యూటర్ నా బల్ల మీదికి వచ్చినా 'ఏం ఎర్రర్ వచ్చింది' అని కాక 'ఎప్పుడెప్పుడు వస్తోంది' అని చూస్తున్నాను. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, పెద్ద ఫైళ్లకేనా, డిస్క్ నిండాకా అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే.

కమడోర్ ఈ యంత్రాన్ని 1992లో తెచ్చింది. కీబోర్డు కింద 2.5 అంగుళాల ఐడీఈ (పాతకాలపు డిస్క్ కనెక్షన్ పద్ధతి) డిస్క్ ఒకటి, దానికి 44 పిన్నుల పొట్టి రిబ్బన్ కేబుల్. డేటాతో పాటు డిస్క్‌కు కావలసిన 5 వోల్టుల కరెంటూ ఆ కేబుల్లోనే వెళ్తుంది. లోపల ఫ్యాన్ లేదు.

ముందు డేటా బయటికి తీయండి

ఫార్మాట్ కొడితే రోగం పోతుందేమోనని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. డిస్క్ విప్పి, 44 పిన్నుల యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇప్పటి కంప్యూటర్‌కు తగిలించి, లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే డేటా కాపాడే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్నీ ఒక ఇమేజ్‌గా (అచ్చు నకలు ఫైలుగా) తీసుకోండి. విండోస్‌కు తగిలిస్తే 'డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయమంటారా' అని అడుగుతుంది. పొరపాటున కూడా సరేననొద్దు. అమీగా పార్టిషన్ల వివరాలుండే రిజిడ్ డిస్క్ బ్లాక్ సాధారణంగా మొట్టమొదటి సెక్టార్‌లోనే (డిస్క్‌లోని 512 బైట్ల గడి) ఉంటుంది, విండోస్ తన గుర్తు రాసేదీ అక్కడే.

కారణాన్ని విడదీసే పరీక్ష

కొన్ని మెగాబైట్ల పెద్ద ఎల్‌హెచ్‌ఏ ఆర్కైవ్ (జిప్ లాంటి మూట ఫైలు) ఒకటి, వంద కిలోబైట్లు దాటని చిన్నది ఒకటి డిస్క్ మీదికి కాపీ చేయండి. షెల్ తెరిచి ఎల్‌హెచ్‌ఏ టెస్ట్ ఆదేశంతో ఒక్కోదాన్నీ అయిదారుసార్లు పరీక్షించండి. ప్రతిసారీ లోపలి ఫైళ్ల సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో పట్టించే లెక్క) సరిపోయిందో లేదో అది చెప్తుంది.

ఒక్కోసారి ఒక్కోచోట తప్పు వస్తుంటే డిస్క్ మీద రాత బాగానే ఉంది, దారిలో చెడుతోంది. అంటే కేబుల్ గానీ కరెంటు గానీ. ఎన్నిసార్లు చూసినా అదే ఫైలు దగ్గర, అదే చోట తప్పితే అక్కడ సెక్టార్ పోయింది, లేదా రాసేటప్పుడే తప్పుగా రాసింది. చిన్నది ఎప్పుడూ నెగ్గి, పెద్దది మాత్రం తప్పుతుంటే ముందే హార్డ్‌వేర్ జోలికి వెళ్లక్కర్లేదు. కింద 'పెద్ద ఫైళ్లు మాత్రమే చెడుతున్నాయి' దగ్గర మాక్స్‌ట్రాన్స్‌ఫర్ సంగతి చదవండి.

పొద్దున ఆన్ చేస్తే డిస్క్ కనబడదు, రీసెట్ చేస్తే కనబడుతుంది

ఫ్లాపీ పెట్టమనే బొమ్మ వస్తుంది. కంట్రోల్, రెండు అమీగా మీటలు కలిపి నొక్కితే హాయిగా బూట్ అవుతుంది. డిస్క్ తిరగడం అందుకునేలోపే కిక్‌స్టార్ట్ (అమీగాను లేపే, రోమ్ చిప్పులో ఉండే ప్రోగ్రామ్) వెతికి ఊరుకుంది, అంతే. ముసలి బేరింగులకు చలికాలం పొద్దుటిపూట ఇది మామూలే. రీసెట్‌తో సర్దుకుపోతున్నంతకాలం కంగారు లేదు గానీ, ఆ ఆలస్యం వారం వారం పెరుగుతుంటే డిస్క్‌కు రోజులు దగ్గరపడ్డాయి. అసలు తిరుగుతున్న చప్పుడే రాకపోతే హెడ్ పళ్లేనికి అంటుకుని ఉండొచ్చు. చేత్తో పట్టుకుని చటుక్కున అటూ ఇటూ తిప్పితే కొన్ని లేస్తాయి. లేచిన డిస్క్‌ను మళ్లీ ఆపకుండా డేటా తీసేసుకోండి, రెండోసారి లేస్తుందన్న హామీ లేదు.

ఎప్పుడు తప్పుతుందో పద్ధతి పాడూ లేదు

ముందు కరెంటు. మల్టీమీటర్‌ను మదర్‌బోర్డు మీది ఫ్లాపీ పవర్ కనెక్టర్ దగ్గర 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండ్‌కూ పెట్టి, డిస్క్ తిరగడం మొదలయ్యే ఆ రెండు మూడు సెకన్లలో చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 5 చూపించి ప్రయోజనం లేదు, బరువు పడ్డప్పుడే గుట్టు బయటపడుతుంది. 4.75కి దిగిందంటే డిస్క్‌ను తిట్టడం మానండి. ఈ యంత్రంతో వచ్చిన సప్లై 5 వోల్టుల మీద ఇచ్చేది 3 ఆంపియర్లే. యాక్సిలరేటర్ కార్డు (వేగం పెంచే అదనపు బోర్డు) తగిలించి, డిస్క్ కూడా పెట్టాక అది ఆయాసపడుతుంది. చాలామంది పాత అమీగా 500 బరువు సప్లైను దీనికి వాడేది అందుకే, ప్లగ్గు ఒకటే. కొత్తది కొన్నా మంచిదే. మన ఇళ్లలో ఉండే 230 వోల్టులకు యూరప్ సప్లై నేరుగా పనికొస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

తర్వాత కేబుల్. నేను ఉండేది విశాఖలో. సముద్రపు గాలికి కిటికీ ఊచలే ఆగవు, ఈ పిన్నులెంత! కనెక్టర్ లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా పిన్నులు తుడిచి, నాలుగైదుసార్లు పెట్టి తీస్తే చాలా కేసులు అక్కడితో సరి. నాది సరి కాలేదు. కేబుల్‌ను కనెక్టర్ మొదట్లో వేలితో నొక్కుతూ పైన చెప్పిన పరీక్ష పెడితే, ఒక మడత దగ్గర నొక్కినప్పుడల్లా సీఆర్‌సీ తప్పింది. కొత్త కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పెట్టెలోపల ఒక చిన్న డిస్క్ కోసం పెట్టిన పోర్ట్ ఇది. బయటికి లాగి 3.5 అంగుళాల డిస్క్ తగిలించి, ఎర్రర్లొస్తున్నాయంటే పోర్ట్ తప్పేమీ లేదు.

పెద్ద ఫైళ్లు మాత్రమే చెడుతున్నాయి

అన్నిటికన్నా దొంగ రోగం ఇదే, ఎర్రర్ చూపించదు. కాపీ చేసిన బొమ్మ సగం తర్వాత చారలుగా వస్తుంది, ఆర్కైవ్ విప్పుకోదు. ఐడీఈ డిస్క్‌కు ఒక్క ఆదేశంతో 256 సెక్టార్ల వరకే అడగగలం. అంతకు మించి ఒక్కసారే అడిగితే కిందామీదా అవుతుంది. సరిగ్గా 256 అడిగినప్పుడు కూడా తడబడే డిస్కులున్నాయి. అందుకని 255 దగ్గర ఆపాలి. అమీగాలో పార్టిషన్లు చేసే ప్రోగ్రామ్ హెచ్‌డీటూల్‌బాక్స్‌లో ఒక్కో పార్టిషన్‌కూ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు తెరిచి మాక్స్‌ట్రాన్స్‌ఫర్‌ను (ఒక్కసారికి ఎంత అడగొచ్చన్న హద్దు) 0ఎక్స్1ఎఫ్‌ఈ00 చేయండి. దశాంశంలో అది 1,30,560 బైట్లు, అంటే 255 సెక్టార్లు. సేవ్ చేసి రీబూట్ చేయండి. ఒక్క పార్టిషన్‌కు మార్చి మిగతావి వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. ఇప్పటికే తప్పుగా రాసినవి దీంతో బాగుపడవు, వాటిని మళ్లీ కాపీ చేసుకోవాలి. డిస్క్ బదులు కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు వాడేవాళ్లకూ ఇదే మందు.

నెలల తరబడి బాగుంది, ఒకరోజు అంతా పోయింది

పెద్ద కార్డో డిస్కో పెట్టినవాళ్ల కథ ఇది. కిక్‌స్టార్ట్ 3.0, 3.1 ఏదైనా 4 గిగాబైట్లు దాటితే లెక్క తప్పి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. పార్టిషన్ ఆ గీత దాటి ఉన్నా, నిండనంతవరకు ఏమీ తెలియదు. నిండిన రోజు రాత డిస్క్ మొదటి భాగం మీద పడి, పార్టిషన్ల పట్టికనే తుడిచేస్తుంది. పార్టిషన్లన్నీ డిస్క్ మొదటి 4 గిగాబైట్లలోపే ఉంచండి, మిగతా చోటు వదిలేయండి. లేదంటే 2018లో వచ్చిన అమీగా ఓఎస్ 3.1.4 లాంటి కొత్త రోములకు మారండి.

ప్రతి బూట్‌కూ 'వాలిడేట్' అవుతూనే ఉంటుంది

వాలిడేట్ అంటే డిస్క్‌లో ఏ చోటు నిండిందో, ఏది ఖాళీయో మళ్లీ లెక్క చూసుకోవడం. రాస్తుండగా కరెంటు పోయిందన్నమాట. డిస్క్ లైటు ఆరాక కూడా నాలుగు సెకన్లు ఆగి ఆపడం అలవాటు చేసుకోండి. వాలిడేషన్ పూర్తికాక చతికిలపడితే డిస్క్‌సాల్వ్ అనే రికవరీ ప్రోగ్రామ్‌తో ఫైళ్లను వేరే పార్టిషన్‌లోకి ఎత్తుకుని, దీన్ని క్విక్ ఫార్మాట్ చేయడం మేలు. అక్కడికక్కడే రిపేర్ చేయించడం నాకు నచ్చదు, ఇమేజ్ లేకపోతే అసలే వద్దు.

అరగంట తర్వాతే మొదలవుతుంది

వేడి. మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. ఫ్యాన్‌తో ఆగితే డిస్క్ గానీ యాక్సిలరేటర్ గానీ మరిగిపోతోంది. ఆగకపోతే బోర్డు మీద చిన్న వెండిరంగు కెపాసిటర్లను భూతద్దంతో చూడండి. అడుగున తడి మెరుపో, పచ్చటి చిలుమో కనబడితే, సోల్డరింగ్ ఐరన్ తగలగానే చేపల కంపు వస్తే, కారిపోయాయి. అన్నీ ఒక్కసారే మార్పించండి. సోల్డరింగ్ చెయ్యి తిరగనివాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టొద్దు, ప్యాడ్ లేచిపోతే డిస్క్ కన్నా పెద్ద నష్టం.

ఇవన్నీ చూశాక కూడా అదే చోట తప్పుతూ, మధ్యమధ్యలో టక్ టక్ మని హెడ్ కొట్టుకుంటుంటే, అప్పుడు డిస్క్‌దే తప్పు. తీసిన ఇమేజ్‌ను 4 గిగాబైట్ల కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మీదికి ఎక్కించి, 44 పిన్నుల అడాప్టర్‌తో అదే చోట పెట్టండి. తిరిగే చప్పుడు ఉండదు. నాకు మొదటి వారం అదొక్కటే వెలితిగా అనిపించింది.